గజాలా రావలసిన ఏడాది

1994 మే 11, బుధవారం

ఈ డైరీని జనవరిలో ఒక షిప్పింగ్ కంపెనీవాళ్ళు దుకాణానికి ఇచ్చిపోయారు. నాలుగు నెలలు మా అర్బాబ్ (ఈ బహ్రెయిన్‌లో యజమానిని అలాగే అంటాం) దీని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు. నిన్న ఏమనుకున్నాడో, "చదువుకున్నవాడివి, నువ్వు ఉంచుకో" అని నా చేతిలో పెట్టాడు. అట్ట మీద మూడు గుండ్రటి మరకలున్నాయి. లోపల శుభ్రమే.

గదిలో దీన్ని దాచుకోవాల్సిన పని లేదు. ఖైసర్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, బేకరీ వ్యాను నడుపుతాడు, ఉర్దూ తప్ప చదవలేడు. రాజనర్సు గోడలకు రంగులేసే పనిలో ఉన్నాడు, సంతకం తప్ప రాదు. జగిత్యాల సర్కారు బడి పుణ్యమా అని నాకు తెలుగే వచ్చింది. ఏం రాసుకున్నా భద్రం.

నిన్న దుకాణంలో టీవీ పెట్టారు. దక్షిణాఫ్రికాలో ఇరవై ఏడేళ్ళు జైల్లో ఉన్న పెద్దమనిషి ప్రెసిడెంటుగా ప్రమాణం చేస్తున్నాడు. సూట్‌కేసులు బేరమాడుతున్నవాళ్ళు కూడా బేరం ఆపి చూశారు. అర్బాబ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఇదే సమయమనుకుని అడిగాను.

"అర్బాబ్, నా భార్యను మూడు నెలలు పిలిపించుకుంటాను. విజిట్ వీసాకు మీ సంతకం కావాలి."

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు కావస్తోంది."

"కలిసి ఎన్నాళ్ళున్నారు?"

"నలభై రోజులు."

ఆయన టీవీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "జైల్లో ఉన్నవాడికైనా ములాఖాత్ ఉంటుంది కదయ్యా" అన్నాడు.

సంతకం చేస్తాననలేదు. చేయననీ అనలేదు.

మే 22, ఆదివారం

విశ్వసుందరి మన దేశపు పిల్లట. ఖైసర్ పొద్దున్నుంచీ నేల మీద నడవడం లేదు. ఆ పిల్ల పుట్టింది హైదరాబాద్‌లో అని ఎవరో చెప్పారు. మధ్యాహ్నానికి వాళ్ళ పక్క వీధి అయింది. సాయంత్రానికి ఆ పిల్ల చిన్నప్పుడు వీళ్ళింట్లో ఖుబానీ మీఠాయి తిన్నది. పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి బియ్యం డబ్బా పైన గోడకు అంటించాడు.

రాజనర్సు అన్నం వండుతూ ఆ ఫోటో వంక చూసి, "మంచిగనే ఉన్నది గని ఇంత బక్కగున్నదేంది. తిండి పెడ్తలేరా" అన్నాడు.

జూన్ 30, గురువారం

ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో సౌదీవాళ్ళు బెల్జియం మీద గోలు కొట్టారు. సగం మైదానం ఒక్కడే పరుగెత్తి కొట్టాడు. నిన్న సాయంత్రం మనామా వీధుల్లో కార్లు హారన్లు కొట్టుకుంటూ తిరిగాయి.

ఇవాళ అర్బాబ్ దుకాణానికి వచ్చేసరికి ఆయన గొంతు పోయింది. మాటలు రాక చేతులతో ఆ గోలు మూడుసార్లు చూపించాడు. మూడోసారి పరుగు పూర్తయి ఆయన కుర్చీలో పడ్డాక వీసా కాగితాలు ముందు పెట్టాను. చదవకుండా నాలుగు చోట్ల సంతకం చేశాడు. మూడు చోట్లే చేయాలి.

ఆ ఆటగాడికి అల్లా నూరేళ్ళు ఇవ్వాలి.

జులై 18, సోమవారం

ఫుట్‌బాల్ అయిపోయింది. ఇటలీవాడు చివరి బంతిని ఆకాశంలోకి కొట్టాడు. నాకెందుకో వాడి మీద జాలేసింది. జుట్టు కొంచెం పలచబడుతోంది నాకు. ఇక్కడి నీళ్ళు అలాంటివి.

జులై 20, బుధవారం

ఒక తోకచుక్క ముక్కలుముక్కలై బృహస్పతి గ్రహాన్ని గుద్దుకుంటోందట. రోజుకు కొన్ని ముక్కలు. రాజనర్సు బ్రష్షు కడుక్కుంటూ విన్నాడు.

"గురువుకు దెబ్బ తగిలిందంటే మంచిది కాదన్నా. పెండ్లి ముచ్చట్లన్నీ గురువు చేతులనే ఉంటయి."

"మా పెళ్ళి అయిపోయింది కదా."

"అయింది. గని వదినె రాలె గద."

ఇలాంటివి నేను నమ్మను. వీసా దరఖాస్తు మాత్రం నిన్ననే ఇచ్చాను. వారం ముందు ఇచ్చి ఉండాల్సింది.

ఆగస్టు 12, శుక్రవారం

ఇవాళ ఖైసర్ అడిగాడు, "షఫీఖ్ మియా, మా భాబీ ఎలా ఉంటుంది?"

చెప్పడం మొదలుపెట్టాను. పొడవు, పెద్ద కళ్ళు, భుజాల దాకా జుట్టు, నవ్వితే పలువరుస అంతా కనబడుతుంది. ఖైసర్ వింటూ వింటూ గోడ వైపు తిరిగాడు. నేనూ తిరిగాను. బియ్యం డబ్బా పైనున్న ఫోటోను చూసి చెబుతున్నానని అప్పుడు తెలిసింది.

"అరె, మా పక్కింటి పిల్లనే చేసుకున్నావా" అన్నాడు ఖైసర్.

పెట్టెలోంచి పెళ్ళి ఫోటో తీశాను. అందులో నా ముఖం మీద సెహ్రా, పూలే పూలు. గజాలా తల మోకాళ్ళ మీదికి వంచుకుని ఉంది, పాపిట కనబడుతోంది. పాపిట బాగుంది.

నాకు గజాలా ముఖం బాగానే గుర్తుంది. ముక్కు మామూలు. నుదురు మామూలు. కళ్ళు రెండు.

ఆగస్టు 13, శనివారం

గుర్తుంది.

సెప్టెంబర్ 11, ఆదివారం

వీసా వచ్చింది. అక్టోబర్ ఇరవైలోగా దిగాలి. ఒకటో తారీఖుకు బొంబాయి నుంచి టికెట్ తీశాను.

బుసైతీన్‌లో గది కూడా దొరికింది. ఉమ్ జాసిం అనే ముసలమ్మ ఇంటి మేడ మీద. భర్త పాత రోజుల్లో బొంబాయితో ముత్యాల వ్యాపారం చేసేవాడట, అందుకని ఆమెకు హిందీ మాటలు కొన్ని వచ్చు. ఎక్కువగా తిట్లు. గదికి రంగు వేస్తానని రాజనర్సు తనంతట తానే వచ్చాడు. ఏదో చిన్నపిల్లల బడికి వేయగా మిగిలిన రంగు తెచ్చి వేశాడు. చిలకపచ్చ. ఒక గోడకు సరిపోక దానికి గులాబీ.

"వదినెకు మంచిగనిపిస్తది" అన్నాడు.

మధ్యలో ఒక బాతు బొమ్మ కూడా వేశాడు. నేను అడగలేదు.

సెప్టెంబర్ 25, ఆదివారం

సూరత్‌లో ప్లేగు. ఇక్కడివాళ్ళు తాఊన్ అంటారు. ఎవరి నోట విన్నా అదే మాట.

అర్బాబ్ అడిగాడు, "సూరత్ మీ ఊరికి ఎంత దూరం?"

"చాలా దూరం."

"ఎంత?"

"విమానంలో గంటన్నర ఉంటుందేమో."

రెండడుగులు వెనక్కి వేశాడు. నాది జగిత్యాల అనీ, అక్కడ విమానాశ్రయమే లేదనీ చెప్పేలోపు ఇంకో అడుగు వేశాడు.

సెప్టెంబర్ 27, మంగళవారం

ఇంటికి వెళ్ళేవాళ్ళంతా ప్రయాణాలు మానుకున్నారు. సూట్‌కేసులు ఒక్కటీ కదలడం లేదు. అర్బాబ్ రోజుకు మూడుసార్లు సాంబ్రాణి వేయిస్తున్నాడు. దుకాణానికి కాదు, నాకు.

సెప్టెంబర్ 29, గురువారం

ఇండియా నుంచి విమానాలు ఆపేశారు.

సెప్టెంబర్ 30, శుక్రవారం

కోరుట్లలో మా అత్తవారింటి పక్కన నర్సింగ్ మెడికల్ హాల్ ఉంది. శుక్రవారం నాలుగింటికి గజాలా అక్కడికి వచ్చి కూర్చుంటుంది, నేను ఫోన్ చేస్తాను. ఇవాళ నర్సింగ్ ఫోన్ ఎత్తి హలో అనకుండానే, "ప్లేగుకు టెట్రాసైక్లిన్ లెవ్వు" అన్నాడు.

"నేను షఫీఖ్‌ను, బహ్రెయిన్ నుంచి."

"దుబాయి నుంచి అడిగినా లెవ్వు."

చివరికి గజాలాకు ఇచ్చాడు.

"ఆపిండ్రట గదా" అంది.

"ఆపారు. కొద్దిరోజులే."

"కొద్దిరోజులంటే?"

"తెలియదు."

"నాకు ప్లేగు లేదని చెప్పుండ్రి వాళ్ళకు."

ఎవరికి చెప్పాలి. ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడ్డాను. నిజం రాసుకోవాలంటే, విమానాలు ఆగాయని తెలిసినప్పుడు ముందు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. విమానాశ్రయంలో ఆమెను గుర్తుపట్టాల్సిన పని వాయిదా పడింది కదా అని. ఆ తరువాతి క్షణం నుంచి ఇప్పటిదాకా అన్నం సహించడం లేదు.

ముక్కు మామూలు. అంతకంటే ఏమీ రావడం లేదు.

అక్టోబర్ 2, ఆదివారం

ఉమ్ జాసిం కబురు పంపితే వెళ్ళాను. తలుపు కొద్దిగా తెరిచి ఆ సందులోంచే మాట్లాడింది.

"నీ భార్య వస్తుందా, తాఊన్ వస్తుందా?"

"భార్య ఒక్కతే వస్తుంది, అమ్మా."

"చూసినవాళ్ళెవరు?"

గది ఇస్తాననలేదు, ఇవ్వననీ అనలేదు. ఈ దేశంలో నాకు అందరూ ఇలాగే చెబుతారు.

వచ్చి చెబితే ఖైసర్ ధైర్యం చెప్పాడు. "ఫికర్ నక్కో మియా. మా చార్మినార్ కట్టిందే తాఊన్ పోయినందుకు అంటారు. భాబీ దిగనీ, మనమూ ఒకటి కడదాం."

"నేనున్న. రంగు నాది" అన్నాడు రాజనర్సు.

అక్టోబర్ 8, శనివారం

మన విమానాలు ఒక్కటొక్కటిగా మొదలవుతున్నాయని ట్రావెల్స్‌వాడు చెప్పాడు. పరుగెత్తుకుంటూ దుకాణానికి వచ్చాను. అర్బాబ్ టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

సద్దాం మళ్ళీ కువైట్ సరిహద్దుకు సైన్యాన్ని పంపాడు.

అక్టోబర్ 9, ఆదివారం

శుక్రవారం దాకా ఆగలేక ఇవాళే ఫోన్ చేశాను. నర్సింగ్, "ఏ మందు గావాలె" అన్నాడు, మర్యాదగా. స్టాకు వచ్చినట్టుంది. గజాలాకు బదులు మామగారు మాట్లాడారు.

"బేటా, మొన్నటిదాకా ఇక్కడ ప్లేగన్నరు. ఇప్పుడు అక్కడ లడాయి అంటున్నరు. పిల్లను ఎట్ల పంపాలె చెప్పు. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు అర్బాబ్ సంతకం చేయాలంటే ఎవరు గోలు కొట్టాలి. ఇంతలో ఫోన్ చేతులు మారింది.

"వీసా ఎప్పటిదాంక?" గజాలా అడిగింది.

"ఇరవై."

"సద్దాం యాడున్నడు?"

"కువైట్ సరిహద్దు దగ్గర."

"మన రూము యాడున్నది?"

"బుసైతీన్‌లో."

"నడుమ ఎంత దూరం?"

"చాలా దూరం."

"అయితే టికెట్ తీయుండ్రి." తరువాత గొంతు తగ్గించి, "అబ్బా సంగతి నేను చూసుకుంట. రెండేండ్ల నుంచి పెండ్లయిన పిల్లనని ఎక్కడికీ పోనిస్తలేరు, మొగడు లేడని ఎక్కడికీ పిలుస్తలేరు. ఇగ సద్దాం ఒక్కడు తక్కువైండు" అంది.

నలభై రోజుల్లో ఆమె నాతో ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడలేదు. మన రూము అన్నాను కదూ? లేదు, తనే అంది.

అక్టోబర్ 11, మంగళవారం

సద్దాం వెనక్కి తగ్గుతున్నాడట. కోరుట్లకు భయపడి ఉంటాడు.

టికెట్ పదిహేడుకు.

అక్టోబర్ 14, శుక్రవారం

పాలస్తీనావాళ్ళకూ ఇజ్రాయెల్‌వాళ్ళకూ కలిపి శాంతి బహుమతి ఇచ్చారు. ఆ వార్త పట్టుకుని ఉమ్ జాసిం దగ్గరకు వెళ్ళి, ఇంతటివాళ్ళే రాజీపడ్డారు, మీరూ నా భార్యను రానివ్వండి అన్నాను.

"వాళ్ళకు తాఊన్ లేదు" అంది.

కానీ తాళంచెవి ఇచ్చింది. ఇస్తూ ఒక షరతు పెట్టింది: విమానాశ్రయానికి మూతికి గుడ్డ కట్టుకుని వెళ్ళాలి, ఇంటికొచ్చేదాకా విప్పకూడదు. సరేనన్నాను. ఆమె ఏం అడిగినా సరేనని ఉండేవాడిని.

అక్టోబర్ 17, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

విమానం సాయంత్రం నాలుగింటికి. ఖైసర్ వ్యానులోంచి రొట్టెలన్నీ దించి కడిగి తెచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. బొత్తాం పట్టలేదు, గత రెండేళ్ళుగా ఖైసర్ మిగిలిన బన్నులు గదికి తెస్తుంటే ఇలాగే అవుతుంది. తల దువ్వుకోవడానికి మునుపంత సమయం పట్టలేదు. మూతికి తెల్ల గుడ్డ.

దిగినవాళ్ళను లోపల డాక్టర్లు చూసి, నోటికి మాస్కులిచ్చి, ఒక్కొక్కరినే వదులుతున్నారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ రెండు కళ్ళు బయటికి వచ్చాయి. నేను గుర్తుంచుకున్నదల్లా ముక్కు, నుదురు. నుదుటి మీద దుపట్టాలు, ముక్కు మీద మాస్కులు.

"ఈమేనా?" అని ఖైసర్ ప్రతి ఒక్కరినీ చూపించి అడిగాడు. ఆకుపచ్చ దుపట్టా ఆమె నా వైపు చూస్తున్నట్టు అనిపించింది. ఖైసర్ వెనక నుంచి తోశాడు. వెళ్ళి, "ప్రయాణం బాగా జరిగిందా" అని ఆమె చేతిలోని సంచీ అందుకున్నాను. ఆమె భర్త నా వెనకే ఉన్నాడు. కేరళ మనిషి, పొడగరి. సంచీ ఇచ్చేశాను. ఆయన ఏమన్నాడో భాష తెలియదు, అర్థం తెలిసింది.

ఆ తరువాత ధైర్యం చాలక ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. జనం పలచబడ్డారు. ఖైసర్ వ్యాను చూసొస్తానని వెళ్ళాడు. రాలేదేమో, ఆపేశారేమో, మామగారు ఆఖరి నిమిషంలో బొంబాయి నుంచి వెనక్కి తీసుకెళ్ళారేమో అనుకుంటున్నాను.

"భాయ్‌సాబ్."

పక్కన ఎవరో మాస్కు వేసుకున్న అమ్మాయి. కాళ్ళ దగ్గర తాడు కట్టిన పెట్టె.

"మీరు మన దిక్కు మాటలు మాట్లాడుతుంటే ఇన్న. ఇక్కడ షఫీఖ్ అని ఎవరన్న కనవడ్డరా? నన్ను తీస్కపోనీకె రావాలె."

నన్ను భాయ్ అని పిలిచింది నా భార్య. ఆ సంగతి అర్థమవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. గుడ్డ విప్పి నేనే అని చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదో తెలియదు. గుడ్డ అడ్డం వల్ల మారిపోయిన గొంతుతో నోరు దానంతట అది అడిగింది.

"ఎలా ఉంటాడు?"

"బక్కగ ఉంటడు." ఆలోచించింది. "తలనిండ జుట్టు. ఎర్రగ ఉంటడు." ఇంకా ఆలోచించింది. "మామూలుగ ఉంటడు."

"అలాంటివాడెవరూ రాలేదు" అన్నాను. అబద్ధం కాదు.

ఆమె పెట్టె మీద కూర్చుంది. కళ్ళు తుడుచుకుంటుందేమోనని నాకు భయం వేసింది. తుడుచుకోలేదు. దుపట్టా కొంగు వేలికి చుట్టుకుంటూ, "గుర్తువట్టకుండ పోయిండేమో" అని తనలో తాను అనుకుంది. "నాకే ఆయన మొఖం సక్కగ యాదికొస్తలేదు. ఆయనకు మాత్రం ఎట్లుంటది."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాను, గుడ్డ వెనక నుంచి చప్పుడు బయటికొచ్చింది. ఆమె తలెత్తి నా కళ్ళ వంక చూసింది. చాలాసేపు చూసింది. తరువాత నా కడుపు వంక, నా తల వంక చూసింది.

"జుట్టేమైంది?" అంది గజాలా.

"నీళ్ళు" అన్నాను.

తను మాస్కు తీసింది. నేను గుడ్డ తీశాను. ఉమ్ జాసిం షరతు గుర్తురాలేదు. ఇద్దరం అలా చూసుకుంటుంటే ఖైసర్ వచ్చి, ఈసారి ఎవరి భార్యతో మాట్లాడుతున్నానోనని కంగారుపడి నన్ను చొక్కా పట్టుకుని పక్కకు లాగాడు.

అక్టోబర్ 18, మంగళవారం

నిన్న ఇల్లు చేరగానే ఉమ్ జాసిం వాకిట్లో కర్రతో నిలబడి ఉంది. ఇద్దరి ముఖాల మీదా గుడ్డ లేకపోవడం చూసింది. విమానాశ్రయంలో ఇచ్చిన కాగితం చదివించుకుంది. ఆరు రోజులు జ్వరం వస్తుందేమో చూసుకోమని మాత్రమే ఉంది అందులో. దాన్ని ఆమె తన చట్టం చేసింది.

"ఆరు రోజులు మేడ దిగకూడదు. ఆమె ఒక్కతే కాదు, ఇద్దరూ. నువ్వు ముట్టుకున్నావు."

"పెట్టె ముట్టుకున్నానమ్మా."

"అదే."

మేడ ఎక్కేముందు అర్బాబ్‌కు ఫోన్ చేస్తే ఆయనా, ఆదివారం దాకా దుకాణం ముఖం చూడొద్దన్నాడు.

భోజనం పళ్ళెంలో పెట్టి ఉమ్ జాసిం తలుపు బయట ఉంచుతుంది, కర్రతో తలుపు కొడుతుంది, మెట్లు దిగిపోతుంది. చేపలు, అన్నం, ఖర్జూరాలు. ఇంత అన్నం ఇద్దరు తినలేరు. తాఊన్ ఉన్నవాళ్ళకు ఆకలెక్కువని ఎవరు చెప్పారో.

గజాలా గది చుట్టూ చూసింది. పచ్చ గోడలు, గులాబీ గోడ. బాతు దగ్గర ఆగింది.

"ఇదెవరు?"

"రాజనర్సు వేశాడు."

"పేరేంది దీనిది?"

ఎవరూ పెట్టలేదన్నాను.

అక్టోబర్ 20, గురువారం

నలభై రోజుల లెక్క ఇవాళ తేలింది. గజాలా వేళ్ళ మీద చెప్పింది: విందులు పద్దెనిమిది రోజులు, నేను వీసా పని మీద బొంబాయిలో పది రోజులు, తనకు జ్వరం నాలుగు రోజులు, మిగిలినవాటిలో ఇంటినిండా చుట్టాలు. "మీ మొఖం సక్కగ చూసింది నాలుగుసార్లు. రెండుసార్లు నిద్రల ఉన్నరు."

నిన్నా ఇవాళా మాట్లాడుతూనే ఉన్నాం. తనకు ఇంటర్ తరువాత చదవాలని ఉండేదని, మెడికల్ హాల్లో కూర్చుని నర్సింగ్ మందుల పేర్లన్నీ నేర్చుకుందని నాకిప్పుడే తెలిసింది. నేను మేనేజర్‌ను కానని, దుకాణంలో సేల్స్‌మన్‌ననీ చెప్పాను. తనకు మొదటి నుంచీ తెలుసట. "మేనేజరైతే ఉత్తరాల అన్నిసార్లు మేనేజర్ అని రాయరు గదా" అంది.

అక్టోబర్ 21, శుక్రవారం

స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గజాలా ఈ డైరీ చదువుతోంది. తనదీ కోరుట్ల సర్కారు బడే అన్న సంగతి నాకు తట్టలేదు.

"ముక్కు మామూలంటే ఏంది?" అని అడిగింది.



అక్టోబర్ 22, శనివారం

గజాలా ముక్కు చాలా బాగుంటుంది. కొస దగ్గర కొంచెం పైకి తిరిగి ఉంటుంది. కోపమొస్తే ఎర్రబడుతుంది. ఎడమ కనుబొమ్మలో చిన్న మచ్చ ఉంది, చిన్నప్పుడు నూతి చప్టా మీద పడినప్పటిది. ఇది ఎవరూ చెప్పకుండా నేను చూసి రాస్తున్నాను.

(చదివిన. బాగనే ఉన్నది. కండ్ల గురించి గూడ రాయుండ్రి. – గ.)

అక్టోబర్ 23, ఆదివారం

పొద్దున ఉమ్ జాసిం మెట్లెక్కి వచ్చింది. ఈసారి పళ్ళెం లేదు. కర్రతో తలుపు కొట్టి, బయట నుంచే అడిగింది.

"జ్వరం ఉందా?"

"లేదమ్మా."

"ఇద్దరికీ?"

"ఇద్దరికీ లేదు."

"అల్‌హందులిల్లా. ఖలాస్. కిందికి రండి. నువ్వు దుకాణానికి పో, పిల్లను నా దగ్గర కూర్చోబెట్టు."

నేను లేచి చొక్కా వేసుకున్నాను. ఒక చెయ్యి దూర్చి, రెండోది దూర్చకుండా గజాలా వైపు చూశాను. తను మంచం మీద కూర్చుని ఖర్జూరం తింటోంది. నా వంక చూసింది, తలుపు వంక చూసింది. గింజ తీసి పళ్ళెంలో పెట్టి, దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గట్టిగా, మెట్ల కిందికి వినబడేంత గట్టిగా, మూడుసార్లు దగ్గింది.